తొమ్మిదో నల్లచేప

ఆ ఇంట్లో చేప చచ్చిపోతే ఎవరూ అయ్యో అనరు. హమ్మయ్య అంటారు.

నరసరావుపేటలో పల్నాడు రోడ్డుకు రెండు సందుల లోపల, మేడమీద మేడ వేసిన ఇల్లు. హాల్లో ఈశాన్యం మూల నాలుగడుగుల అద్దాల తొట్టి. గృహప్రవేశంనాడు వాస్తు చెప్పిన పెద్దమనిషి దగ్గరుండి పెట్టించాడు. ఎనిమిది బంగారు చేపలు, ఒక నల్లచేప. బంగారువి లక్ష్మికి, నల్లది దిష్టికి. ఇంటిమీదికి ఏ చెడుచూపు వచ్చినా నల్లచేప ఎదురెళ్లి మింగుతుంది. మింగలేనంత పెద్దదైతే తాను పోయి ఇంటిని నిలబెడుతుంది. అందుకే నల్లచేప వెల్లకిలా తేలిన ఉదయం అత్తగారు కోటమ్మ చెంపలు వేసుకొని, "పోయింది పీడ" అనేది. మామగారు బ్రహ్మయ్య పేపరు దించకుండా, "ఎవడి కళ్లు పడ్డయ్యో" అనేవాడు. భర్త చైతన్య డ్రైవరుకు ఫోను చేసి, "ఇమ్మానుయేలూ, ఇంకో నల్లది పట్రా" అనేవాడు. పోయినదాన్ని మల్లెపాదులో పూడ్చి, చేతులు కడుక్కొని, ముగ్గురికీ కాఫీలు కలపడం ప్రసన్న పని.

తొట్టి కడగడమూ ఆమె పనే. ప్రతి శుక్రవారం పొద్దున్నే చేపల్ని బకెట్లోకి దించి, నీళ్లన్నీ తోడిపోసి, రాళ్లను గిన్నెల సబ్బుతో తోమి, ఫిల్టరు స్పాంజిని తెల్లబడేదాకా పిండి, కుళాయి నీళ్లు పట్టి, అద్దాలకు లోపలా బయటా మెరుగు పెట్టాలి. వచ్చినవాళ్లకు తొట్టిలో తమ ముఖం తమకు కనపడాలన్నది కోటమ్మ షరతు. వచ్చేవాళ్లు తక్కువా? శావల్యాపురం నుంచి, బొల్లాపల్లి నుంచి, చైతన్య జడ్పీటీసీకి నిలబడతాడని తెలిసినప్పటినుంచి ఆ సోఫాలు చల్లారింది లేదు. ఒకసారి నడుము పట్టేసి, ఈ వారానికి వదిలేస్తానండీ అంది ప్రసన్న. చైతన్య ఫోను లోంచి తల ఎత్తలేదు. "దాందేముంది? నీళ్లేగా" అన్నాడు.

నీళ్లేగా. ఆ మాట ఆమెలో ఎక్కడో తడిగుడ్డలా ఉండిపోయింది; ఆరదు, అలాగని కారదు. ఇలాంటి ఇల్లు దొరకాలంటే పెట్టి పుట్టాలని అత్తవారి బంధువులు అంటారు, పుట్టింటివారు అంటారు, పాలుపోసే మనిషి కూడా అంటుంది. రుణపడి ఉండాలని అందరూ చెప్పిన చోట ప్రసన్నకు ఎందుకో రుణం అనిపించేది కాదు. తనలోనే ఏదో లోపముందేమో అనుకునేది.

రెండేళ్ల కిందట ఆమెకు ఐదో నెల. నొప్పి లేదు, దెబ్బ లేదు. వంటింట్లో నిలబడి ఉండగానే ఉమ్మనీరు పోయింది, గుంటూరు చేరేలోపే అంతా ముగిసిపోయింది. అదే వారం చైతన్య కారు సత్తెనపల్లి దాటాక కాలువలోకి జారింది. అతనికి గీత కూడా పడలేదు. పడకమీద ఉన్న కోడలి తల నిమురుతూ కోటమ్మ అంది: "ఆడికి రావాల్సింది ఆ పిండం మీదగా పోయిందిలేవే. ఏడవమాక. ఇంటిని కాపాడి పోయింది."

అంత మంచి కారణం చెప్పాక ఏడిస్తే ఇంటి మేలు కోరనట్టే. ప్రసన్న ఏడవలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ మాత్రం వేరే మాట చెప్పింది. గర్భసంచి మూతి బలహీనంగా ఉందనీ, ఈసారి నిలిస్తే మూడో నెల దాటకముందే రమ్మనీ, చిన్న కుట్టు వేస్తే బిడ్డ నిలబడుతుందనీ ఫైలులో రాసి మరీ ఇచ్చింది. ఆ ఫైలు బీరువాలో పెళ్లిచీరల కిందికి చేరింది. చదవొద్దని ఎవరూ అనలేదు. చదువుదామని కూడా ఎవరూ అనలేదు.

ఇప్పుడు మళ్లీ నిలిచింది. పదో వారం. చైతన్యకు ఒక్కడికే చెప్పింది. అతడు నిజంగానే సంతోషించాడు. "ఇప్పుడే ఎవరికీ చెప్పమాక, దిష్టి. అమ్మక్కూడా వద్దు. నామినేషన్ అయిపోనీ, గుంటూరు పోదాం" అన్నాడు. నామినేషన్ తర్వాత ప్రచారం, ప్రచారం తర్వాత పోలింగు. ప్రసన్న రోజూ పొద్దున్నే క్యాలెండరు ముందు నిలబడి వారాలు లెక్క చూసుకునేది. ఆ లెక్క వేసేది ఇంట్లో తానొక్కతే.

సరిగ్గా అప్పుడే, డిసెంబరు చలి మొదలైన వారంలో, నల్లచేపకు జబ్బు చేసింది.

ఉబ్బుకళ్ల చేప అది. ఒళ్లంతా మఖమలు నలుపు. ఆ నలుపు మీద ఎవరో చిటికెడు ఉప్పు చల్లినట్టు తెల్లని చుక్కలు. రెక్కలు ముడుచుకొని, ఉండి ఉండి రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటోంది. కోటమ్మ వంగి చూసి చేతులు జోడించింది.

"పిల్లలకి మనం నల్లచుక్క పెడతాం. దీనికి దేవుడే తెల్లచుక్కలు పెట్టాడు. మింగతందే అమ్మాయ్, దిష్టి మింగతంది. దాన్ని ముట్టుకోమాక."

"నామినేషన్ లోపు పోతే మరీ మంచిది" అన్నాడు చైతన్య, బూట్లు వేసుకుంటూ. "ఇంకోటి తెచ్చి ఉంచు. నల్లదాని కుర్చీ ఖాళీగా ఉండకూడదు. ఇమ్మానుయేలు బండి మీద తిరగతన్నాడు, నువ్వే ఆటోలో పోయి పట్రా."

ఎనిమిది చేపల్ని పూడ్చిన చేతులకు తొమ్మిదోది కొత్త కాదు. కానీ ఆ ఉబ్బుకళ్లు అద్దానికి ఆనుకొని తనవైపే తిరిగి ఉండటం చూసి ప్రసన్న చటుక్కున చూపు తిప్పుకుంది. పోయేదాన్ని పోనిచ్చి, మంచిదే అనుకోవడం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

చేపల కొట్టు గుంటూరు రోడ్డులో, మోటార్లు బాగుచేసే షెడ్డును ఆనుకొని ఉంది. షెడ్డు షబ్బీర్‌ది, కొట్టు అతని కూతురు ఇష్రత్‌ది. పాతికేళ్ల పిల్ల, స్టూలు మీద కూర్చొని, తొట్టి నీళ్లలోకి బుడగలు వదిలే గాలి మోటారు ఒకటి విప్పుకొని ఉంది.

"ఒక నల్లచేప కావాలమ్మా."

"ఏ ఇల్లక్కా మీది?"

ప్రసన్న చెప్పింది. ఇష్రత్ చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టింది.

"మీరేనా? ఇమ్మానుయేలన్నని పంపించేది? తొమ్మిది నల్లవి తీసుకుపోయారు మా కొట్లో. ఏం చేస్తన్నారక్కా వాటిని, పులుసు పెడతన్నారా?"

ప్రసన్నకు నవ్వొచ్చింది, నవ్వాక సిగ్గు వేసింది.

"నేను ఇయ్యను" అంది ఇష్రత్. "తప్పుగా అనుకోమాకండి. అమ్ముకోటానికే కూర్చున్నా. కానీ ఆ తొట్లో ఏం జరగతందో చెప్పకుండా పదోది మాత్రం ఇయ్యను. చెప్పండి, కూర్చోండి."

ఏం జరుగుతోందో చెప్పమని ప్రసన్నను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో. ముందు పొడిగా మొదలుపెట్టింది. తర్వాత పూర్తిగా చెప్పింది. శుక్రవారాలు, సబ్బు, స్పాంజి, కుళాయి నీళ్లు, అద్దాల మెరుగు. ఇష్రత్ మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండాగండి. నీళ్లన్నీ తీసేస్తారా? స్పాంజిని సబ్బెట్టి ఉతుకుతారా?"

"మరి శుభ్రంగా ఉండాలిగా."

"మీరు మరీ శుభ్రం చేస్తన్నారక్కా. దానికే చస్తన్నయ్."

ఆ స్పాంజిలో కంటికి కనపడని మంచి జీవాలు ఉంటాయట. చేపల మురికిలోని విషాన్ని విరిచేవి అవే. వారం వారం వాటిని సబ్బుతో చంపి, మందు కలిసిన కుళాయి నీళ్లు పోస్తే, అద్దంలా మెరిసే ఆ నీళ్లలో చేపలకు ఊపిరే ఆడదట. నీళ్లు పావువంతు తీస్తే చాలు; కొత్తనీళ్లు ఒకరోజు నిలవ ఉంచి పొయ్యాలి; స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే ఒక్కసారి జాడించాలి.

ఇష్రత్ అంతటితో వదల్లేదు. ముందు పోయినవి ఎలా పోయాయో అడిగింది. ప్రసన్నకు అన్నీ గుర్తున్నాయి. మొదటిది పైకొచ్చి నోరు తెరుచుకొని గాలికోసం ఎగిసింది, రెక్కల్లో ఎర్రని చారలు. అది మురికి విషం. మూడోదానికి తోక చీరంచులా పీలికలైంది. అది రెక్కకుళ్లు, మొదట్లోనే నీళ్లు బాగుచేస్తే మళ్లీ చిగురించేది. ఐదోది తలకిందులుగా తేలుతూ మూడు రోజులు బతికింది. వచ్చినవాళ్లు బూంది వేశారా? వేశారు. పొట్ట ఉబ్బింది, అంతే. రెండు రోజులు పస్తుంచి, ఉడికించిన బఠాణీ తొక్క తీసి పెడితే తిరిగేదేమో. ఏడోదానికి పొలుసులు ముళ్లలా లేచి నిలబడ్డాయి. "అది మాత్రం కష్టమక్కా. అన్నీ మన చేతుల్లో ఉండవు."

ఎనిమిది చావులకూ ఒక్కొక్కదానికి ఒక్కొక్క కారణం. ప్రసన్న గోడకు ఆనుకుంది. నూరు శుక్రవారాలు నడుము విరుచుకొని తాను చేసింది ఇదా? ఆమె ముఖం చూసి ఇష్రత్ మంచినీళ్ల సీసా అందించింది.

"మీకెవరూ చెప్పలా. తెలియంది తప్పెట్టా అయిద్దక్కా?"

అంతే అంది. దీపం వెలిగించిన మాట కాదు, శాస్త్రం మాట కాదు. స్టూలు జరిపి చోటిచ్చినంత మామూలుగా అంది. ఆ మాట విన్నాకే ప్రసన్న సీసా మూత తీసి నీళ్లు తాగింది. బతుకుతుందని చెబితేనే ఓదార్పు అనుకుంది ఇన్నాళ్లూ. ఎందుకు పోయిందో చెప్పడం కూడా ఓదార్పేనని అప్పుడు తెలిసింది. ఎవరికైనా రుణపడటమంటే ఇంత తేలిగ్గా ఉంటుందని కూడా.

"ఇప్పుడున్నది తెల్లచుక్క జబ్బు" అంది ఇష్రత్. "చలికి వచ్చిద్ది, కొత్తచేపతో వచ్చిద్ది. కొత్తదాన్ని రెండు వారాలు వేరే ఉంచి కలపాలి, మీరు తెచ్చిన రోజే కలిపి ఉంటారు. ఆ చుక్క ఒక పురుగక్కా. చర్మం కింద ఉన్నంతసేపు దానికి ఏ మందూ తగలదు. పండి రాలిద్ది, అడుగున పిల్లలు పెట్టిద్ది. ఆ పిల్లలు ఈదుకుంటా మళ్లీ చేపని ఎతుక్కుంటయ్. దొరికేది అప్పుడే. అంటే మందు చేపకి కాదు, నీళ్లకి. చుక్కలు పోయినయ్యని మానమాకండి. పద్నాలుగు రోజులు."

"ఏ మందు?"

"కల్లుప్పు. మీ ఇంట్లో ఉంటదిగా?"

ఉంటుంది. కోటమ్మ డబ్బా నిండా ఉంటుంది. ప్రతి శుక్రవారం కొడుకు చుట్టూ గుప్పిటతో మూడుసార్లు తిప్పి దిగదుడిచే ఉప్పు అదే.

చిన్న హీటరు ఒకటి, గాలి మోటారు ఒకటి తీసుకొని, పదో చేప లేకుండా ప్రసన్న ఇంటికి వచ్చింది. వంటింటి వెనక వసారాలో నీలం టబ్బు పెట్టి, నల్లచేపను అందులోకి దించింది. నాలుగు లీటర్లకు చెంచాడు చొప్పున ఉప్పు. ఒకేసారి కాదు, రెండు రోజుల్లో, మగ్గులో కరిగించి కొద్దికొద్దిగా. పెద్దతొట్టికీ అదే కొలత. నీళ్ల వేడి పాలు తోడుపెట్టే వేడికన్నా తక్కువ, చలికన్నా ఎక్కువ. రోజూ పావువంతు నీళ్లు మార్చడం, మార్చినంతకే ఉప్పు కలపడం. చేప కళ్లలోకి చూడటం. ఆ పని ఎవరూ చెప్పింది కాదు; చేస్తుంటే నడుము నొప్పి తెలియలేదు.

"చేపకి ఆసుపత్రి పెట్టింది మా ఆవిడ" అన్నాడు చైతన్య హాల్లో. సోఫాలు నవ్వాయి. "ఓపీ ఎన్నింటికి చెల్లెమ్మా?" అన్నాడు శావల్యాపురం నుంచి వచ్చిన ఒకాయన. కాఫీ కప్పులు అందిస్తూ ప్రసన్న, "మీకు చూడాలంటే ముందు నీళ్లు మార్చాలన్నయ్యా" అంది. మళ్లీ నవ్వారు, ఆయన మాత్రం కప్పులోకి చూసుకున్నాడు.

శుక్రవారం వచ్చింది. "ఈ వారం తొట్టి కడగనత్తయ్యా" అంది ప్రసన్న.

"ఏందే?"

"కడిగినందుకే అన్నీ పోయినయ్. దిష్టికి కాదు."

కోటమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ పూటంతా కోడలితో మాట్లాడలేదు. ఆమె కోపం ఎలా ఉంటుందో ప్రసన్నకు తెలుసు. ఇది ఆ కోపంలా లేదు.

ఆ శుక్రవారానికి ముందే, ఐదో రోజుకు, చుక్కలు ఎక్కువయ్యాయి. చేప టబ్బు అడుగున పక్కకు ఒరిగింది. ఇష్రత్‌కు ఫోను చేస్తే, "రాలే ముందు అట్టాగే ఉంటదక్కా, భయపడమాకండి" అంది. ఎనిమిదో రోజుకు ఒక్కొక్కటే రాలాయి. పదో రోజుకు ఒళ్లంతా నలుపు. ప్రసన్న ఉప్పు మానలేదు. ఆ రోజుల్లోనే కోటమ్మ పీట తెచ్చుకొని, వసారాలో కూర్చొని కందిపప్పు ఏరుకోవడం మొదలుపెట్టింది. పప్పు చేటలో ఉండేది, చూపు టబ్బులో ఉండేది.

పన్నెండో రోజు మధ్యాహ్నం అడిగింది.

"అమ్మాయ్, ఆ ఉప్పునీళ్లు మనుషులకి పనిచేస్తయ్యా?"

"దేనికత్తయ్యా?"

"వాంతులు, విరేచనాలకి."

"చేస్తయ్. ఉప్పూ పంచదారా కలిపి తాపాలి."

కోటమ్మ ఒక బద్దను తీసి పారేసింది. "చైతన్యకంటే ముందు నాకొక ఆడపిల్ల. తెలుసా నీకు?"

ఆరేళ్లుగా ఆ ఇంట్లో ఉన్నా ప్రసన్నకు తెలియదు.

"అంకమ్మ. మూడేళ్లది. ఎండాకాలం పట్టుకున్నయ్ దానికి. నీళ్లు తాపితే ఇంకా ఎక్కువవుతయ్యన్నారు అందరూ. చెంబు అందకుండా గూట్లో పైన పెట్టా. నా చేత్తోనే పెట్టా. రెండు రోజులు నీళ్లు నీళ్లన్నది." చేట మీద చేతులు ఆగాయి. "మూడో రోజు అడగలా."

కోటమ్మ మళ్లీ పప్పు ఏరడం మొదలుపెట్టింది.

"ఆ నెల్లోనే ఊళ్లో గొడవై మీ మామగారి మీద కత్తెత్తారు. గీత పడలా. గండం పిల్ల మోసుకుపోయిందన్నారు. ఆయనే అన్నాడు. నేనూ దణ్ణం పెట్టా దానికి. ముప్పై ఎనిమిదేళ్లుగా పెడతన్నా." తలెత్తింది. "నీళ్లు తాపితే బతికేదా?"

రాసిపెట్టి ఉందత్తయ్యా అనడం తేలిక. ఆ మాట నాలుక చివరే ఉంది. రెండేళ్ల కిందట ఇదే మనిషి తనకు ఇచ్చిన ఓదార్పు అలాంటిదే. ఆమెకు ఎవరో ఇస్తే, ఉన్నదదే కనక తనకూ పెట్టింది. దాని బరువు ఎంతో తెలిసీ దాన్ని మళ్లీ ఆమె చేతుల్లో పెట్టాలా?

"బతికేది అత్తయ్యా, చానావరకు" అంది ప్రసన్న. అని, పీట పక్కన నేలమీద కూర్చుంది. "మీకెవరూ చెప్పలా. తెలియంది తప్పెట్టా అయిద్ది?"

కోటమ్మ ఏడవలేదు. టబ్బులో వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

"మజ్జిగలో వేసుకునేంత కూడా లేదే. ఇంతేనా?"

"ఇంతే అత్తయ్యా."

మరునాడు సాయంత్రం ప్రసన్న బీరువా తెరిచింది. పెళ్లిచీరలు పక్కకు తీసి ఫైలు బయట పెట్టింది. గుంటూరుకు ఫోను చేసి, పదకొండింటికి డాక్టరమ్మ ఉంటుందని కనుక్కుంది.

శుక్రవారం. నామినేషన్ రోజు. గేటు బయట బండ్లు, వాకిట్లో చెప్పులు, హాల్లో తెల్లచొక్కాలు. చైతన్య దండ వేసుకొని దేవుడి గదిలోంచి వచ్చేసరికి, చేతిసంచిలో ఫైలుతో ప్రసన్న నిలబడి ఉంది.

"మీరు వెళ్లి రండి. నేను గుంటూరు వెళ్తున్నాను. పన్నెండో వారం నిండింది."

అతడు గొంతు తగ్గించాడు. "ఇయ్యాళా? ఇంతమంది ఉంటే హారతి ఎవరిస్తారు? ఎల్లుండి నేనే తీసుకుపోతా."

"అనుమతి అడగటం లేదండీ. చెప్పకుండా వెళ్లకూడదని చెబుతున్నాను."

ఆ గొంతులో కోపం లేకపోవడం ఆమెకే వింతగా ఉంది. పద్నాలుగు రోజులుగా ఎవరికి రుణపడి ఉండాలో తెలిసిన మనిషికి కోపానికి చోటెక్కడిది?

"అమ్మా, నువ్వన్నా చెప్పు" అన్నాడు చైతన్య. "ముందు దిష్టి తియ్యి, టైమవతంది."

కోటమ్మ వంటింటి గడపలో ఉంది. గుప్పిట నిండా కల్లుప్పు. అందరూ దారిచ్చారు. చైతన్య అలవాటుగా తూర్పుముఖంగా తిరిగి నిలబడ్డాడు. కోటమ్మ కొడుకును కిందినుంచి పైదాకా చూసింది.

"నీకేం దిష్టిరా, గుండ్రాయిలాగున్నావు. పోయిరా" అంది. వెనక్కి తిరిగి వసారాలోకి నడిచింది. ఆ రోజు మార్చాల్సిన నీళ్లు బకెట్లో సిద్ధంగా ఉన్నాయి. "ఎంతే అమ్మాయ్?"

"ఒక్క చెంచా అత్తయ్యా."

కొలిచి కలిపింది. మిగిలిన గుప్పెడు డబ్బాలో పోసి, మూత బిగించి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. టబ్బులో నల్లచేప ఉబ్బుకళ్లతో పైకొచ్చి నోరు ఆడించింది, మేతకు.

"ఆ డాక్టరమ్మ కాయితం తీసుకున్నావా?" అంది కోటమ్మ, చెప్పులు వెతుక్కుంటూ. "చూస్తావేం? రెండు నెలల్నించీ నువ్వు గుడ్డ ఆరేసింది లేదు, నాకు కళ్లు లేవనుకున్నావా? పద. మంచినీళ్ల సీసా పెట్టుకో. దారిలో తాగుతా ఉండాలి."

ఆ శుక్రవారం ఆ ఇంట్లో అద్దాల తొట్టిని ఎవరూ కడగలేదు.